బి డివిజన్ ఆటగాడు కోచ్ కావాలంటే

బెంగళూరు ఫుట్‌బాల్ స్టేడియంలో మధ్యాహ్నం లీగ్ మ్యాచ్ ఎప్పుడైనా చూశారా? అశోక్‌నగర్‌లో, గరుడా మాల్ దగ్గరే. మాల్ నిండా జనం ఉంటారు, స్టేడియంలో మాత్రం ముప్ఫై మంది. వాళ్లలో సగం తర్వాతి మ్యాచ్ ఆడాల్సినవాళ్లు. ఎండకు కృత్రిమ గడ్డి కాగిపోయి, బూట్లలో ఉన్నా అరికాళ్లు చురుక్కుమంటుంటాయి. ఆ రిజర్వ్ బెంచ్ మీద షిన్‌గార్డ్స్ కట్టుకుని, ఎప్పుడు పిలుస్తారా అని డెబ్బయ్యో నిమిషం దాకా ఎదురుచూసిన రైట్ బ్యాక్‌ని, అంటే కుడివైపు డిఫెండర్‌ని, నేను. హిందూపురం నుంచి వచ్చాను. బెంగళూరు లీగ్‌లో అన్నిటికంటే పైన సూపర్ డివిజన్, దాని కింద వరుసగా ఎ, బి, సి. నేను బి డివిజన్‌లో ఐదు సీజన్లు, ఎ డివిజన్‌లో ఒకటి ఆడాను. ఆ తర్వాత మోకాలు వద్దంది, మానేశాను. ఇప్పుడు కోచింగే నా పని.

మీరూ అలాంటి బెంచ్ మీదే ఉన్నారా? వయసు పాతిక దాటి, సూపర్ డివిజన్ క్లబ్ నుంచి ఫోన్ ఇక రాదని మనసులో తెలిసిపోయి, అయినా గ్రౌండ్ వదలబుద్ధి కావడం లేదా? అయితే చదవండి. ఇందులో నేను చేసినవి కొన్ని, చేసి చెడగొట్టినవి ఇంకొన్ని.

ఆట మానకముందే మొదలుపెట్టండి

నాతో ఆడినవాళ్లలో చాలామంది ముందు ఆట మానేశారు. రెండేళ్లు డెలివరీ పనో, జిమ్‌లో పనో చేశారు. అప్పుడు వాళ్లకు కోచింగ్ గుర్తొచ్చింది. అప్పటికి గ్రౌండ్‌లో ముఖాలన్నీ మారిపోయాయి, ఫోన్ చేస్తే ఎత్తేవాళ్లు లేరు. ఆట మానడానికి ఇంకా రెండు సీజన్లు ఉందనగానే మొదలుపెట్టడం మేలు.

మొదటి పని, యాభై రూపాయల నోట్‌బుక్ ఒకటి కొనుక్కోవడం. బెంచ్ మీద కూర్చున్నవాడికి తీరిక ఎక్కువ. ఆ తీరికలో గోల్ ఎవరు కొట్టారో కాదు, గోల్‌కి ముందు పది సెకన్లలో ఏం జరిగిందో రాయండి. బంతి ఎక్కడ పోయింది? పోయినప్పుడు మన రైట్ బ్యాక్ ఎక్కడున్నాడు? మధ్యలో ఖాళీ ఎవరు వదిలారు? హాఫ్ టైమ్‌లో మీ కోచ్ ఏం చెప్పాడో, సెకండ్ హాఫ్‌లో దానిలో ఎంత జరిగిందో కూడా రాయండి. ఈ రెండింటి మధ్య తేడా చూస్తే మీకే నవ్వొస్తుంది. మా కోచ్ ఒకసారి ఎనిమిది విషయాలు చెప్పాడు. గ్రౌండ్‌లోకి వెళ్లాక మాలో ఎవరికీ రెండుకు మించి గుర్తులేవు. ఈ రోజుకీ హాఫ్ టైమ్‌లో నేను రెండే చెప్తాను.

రెండో పని, వార్మప్ నేను చేయిస్తానని కోచ్‌ను అడగడం. చాలామంది కోచ్‌లు సంతోషంగా ఒప్పుకుంటారు, వాళ్లకు ఒక పని తగ్గుతుంది కదా. ఫిఫా 11 ప్లస్ అనే వార్మప్ ఉంది. 15 వ్యాయామాలు, మూడు భాగాలు, మొత్తం ఇరవై నిమిషాలు. గాయాలు తగ్గించడానికే తయారుచేశారు. దాన్ని బాగా నేర్చుకుని మీ జట్టుతో వారానికి రెండుసార్లయినా చేయించండి. నిన్నటిదాకా భుజం మీద చేయి వేసి తిరిగిన స్నేహితులకు ‘మోకాలు లోపలికి వంచకు’ అని చెప్పడం ఎంత కష్టమో అప్పుడే తెలుస్తుంది. నా మోకాలికి కూడా అదేదో ముందే చేయించి ఉంటే బాగుండేది. సరే, అది వేరే కథ.

పెద్ద ఆటగాడు కానివాడి మాట ఎవరు వింటారని మీకు అనిపించవచ్చు. జర్మనీలో యుర్గెన్ క్లాప్ మైన్జ్ జట్టుకు 1990 నుంచి 2001 దాకా ఆడాడు, ఎక్కువగా రెండో డివిజన్‌లోనే. స్ట్రైకర్‌గా మొదలై డిఫెండర్ అయ్యాడు. 2001 ఫిబ్రవరిలో అదే జట్టుకు కోచ్ అయ్యాడు, 2004లో దాన్ని మొదటి డివిజన్‌కు తీసుకెళ్లాడు. 2019లో లివర్‌పూల్‌తో యూరప్ క్లబ్‌ల పెద్ద కప్పు ఛాంపియన్స్ లీగ్ గెలిచాడు. థామస్ టుకెల్‌కి కింది డివిజన్లలో ఆడుతుండగానే, పాతికేళ్ల వయసులో, మోకాలు పోయింది. 2021లో చెల్సీతో అదే కప్పు ఎత్తాడు. అంత దూరం ఎందుకంటే, 2013లో బెంగళూరు ఎఫ్‌సీ పుట్టినప్పుడు మొదటి కోచ్‌గా వచ్చిన ఆష్లీ వెస్ట్‌వుడ్ ఇంగ్లండ్‌లో ఎక్కువకాలం కింది డివిజన్లలో ఆడిన డిఫెండరే. మొదటి సీజన్‌లోనే, అప్పట్లో దేశంలో పై లీగ్ అయిన ఐ-లీగ్ గెలిపించాడు.

మన తెలుగువాళ్లకు హైదరాబాద్ రహీం సాబ్ ఉండనే ఉన్నారు. సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తి రీత్యా ఉపాధ్యాయుడు. 1951, 1962 ఆసియా క్రీడల్లో భారత్‌కు స్వర్ణాలు తెచ్చిన జట్లు ఆయన తయారుచేసినవే. 1956 ఒలింపిక్స్‌లో సెమీఫైనల్ ఆడిన జట్టూ ఆయనదే. చెట్టు పేరు చెప్పుకుని కాయలమ్ముకోవడానికి మన దగ్గర చెట్టు లేదు. అందుకే కాయలు బాగుండాలి, అంతే తేడా.

లైసెన్స్ సంగతి

దీని గురించి గ్రౌండ్‌లో పుకార్లు ఎక్కువ. క్రమం మాత్రం సులువే. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య, అంటే ఏఐఎఫ్ఎఫ్, ఇచ్చే డి లైసెన్స్‌తో గట్టిగా మొదలవుతుంది. దాని తర్వాత సి, ఆపైన ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య (ఏఎఫ్‌సీ) బి, ఎ, చివర ప్రో. ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్)లో హెడ్ కోచ్ కావాలంటే ప్రో ఉండాలి. ఇప్పుడు మీ దృష్టి డి మీదే ఉండాలి. కోర్సులు ఎప్పుడు, ఎక్కడ పెడుతున్నారో ఏఐఎఫ్ఎఫ్, కర్ణాటక రాష్ట్ర ఫుట్‌బాల్ సంఘం ప్రకటిస్తుంటాయి. సంఘం ఆఫీసు ఆ స్టేడియంలోనే ఉంది కాబట్టి మ్యాచ్‌కి వెళ్లినప్పుడు అడగడం కష్టమేమీ కాదు. ఫీజు మారుతుంటుంది, దరఖాస్తు చేసే ముందు చూసుకోండి.

డి కోర్సు సాధారణంగా ఆరు రోజులు ఉంటుంది. క్లాసులో పాఠాలు, గ్రౌండ్‌లో ప్రాక్టికల్. మీకు ఒక అంశం ఇచ్చి, తోటి అభ్యర్థులనే ఆటగాళ్లుగా పెట్టి సెషన్ నడపమంటారు. ఇక్కడే మనవాళ్లు చాలామంది తడబడతారు. ఆట రాక కాదు, చెప్పడం రాక. నేను తెలుగు మీడియం. ఇన్‌స్ట్రక్టర్ ఇంగ్లిష్‌లో అడిగితే సమాధానం తెలిసీ నోరు పెగల్లేదు. మీకూ ఆ టెన్షన్ ఉంటే, కోర్సుకు నెల ముందు నుంచి రోజూ అద్దం ముందు నిలబడి ఒక డ్రిల్‌ను ఇంగ్లిష్‌లో వివరించండి. ఓ నలభై మాటలు వస్తే చాలు: స్పేస్, సపోర్ట్, కవర్, ప్రెస్, ఫస్ట్ టచ్, ఇలాంటివే. వ్యాకరణానికి ఎవరూ మార్కులు తగ్గించరు. కోన్‌లు తప్పు దూరంలో పెడితే మాత్రం గమనిస్తారు.

డి రాగానే సి కోసం పరుగెత్తకండి. మధ్యలో ఒక సీజన్ అయినా పిల్లలతో పనిచేయండి. లేకపోతే సి క్లాసులో చెప్పేది దేని గురించో అర్థం కాదు.

ఇంకో మాట. స్కూల్లో పీఈటీ ఉద్యోగం మీ లక్ష్యమైతే కోచింగ్ లైసెన్స్ ఒక్కటే సరిపోదు, వ్యాయామ విద్య డిగ్రీ బీపీఎడ్ అడుగుతారు. ప్రభుత్వ క్రీడా సంస్థల్లో కోచ్ ఉద్యోగాలకు పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ (ఎన్ఐఎస్) డిప్లొమాకు విలువ ఉంది. ఏ గుమ్మం ఎక్కబోతున్నారో ముందే తేల్చుకుంటే డబ్బూ కాలమూ మిగులుతాయి.

మొదటి పన్నెండు మంది పిల్లలు

లైసెన్స్ చేతికి రాకముందే మీకు పిల్లలు దొరుకుతారు. బెంగళూరులో ఇది కష్టం కాదు. మారతహళ్లి, బెళ్లందూరు, వైట్‌ఫీల్డ్ వైపు అపార్ట్‌మెంట్లలో మన తెలుగు కుటుంబాలు బోలెడు. శని, ఆదివారాల్లో పిల్లల్ని ఫోన్ల నుంచి లాగి బయటికి పంపాలని చూస్తుంటారు. ఇంకోవైపు ఆస్టిన్ టౌన్, హలసూరు దగ్గరి గౌతంపుర లాంటి చోట్ల ఫుట్‌బాల్ ఎప్పటినుంచో ఉన్న బస్తీ ఆట. అక్కడ డబ్బు రాదు కానీ మీకు ఆట వస్తుంది. వీలైతే రెండు చోట్లా చేయండి.

నా మొదటి సెషన్ గురించి చెప్పకతప్పదు. తొమ్మిదేళ్ల పిల్లలు పన్నెండు మంది. నేను వాళ్లందరినీ ఒకే వరుసలో నిలబెట్టాను. ఒకే బంతి. ఒక్కొక్కడే వచ్చి గోల్ కొట్టాలి, మళ్లీ వెనక్కి వెళ్లి నిలబడాలి. ప్రతి షాట్‌కీ నేను ఉపన్యాసం ఇచ్చాను. ఇరవై నిమిషాలయ్యేసరికి వరుసలో ఏడోవాడు కింద కూర్చుని టర్ఫ్‌లోని నల్ల రబ్బరు గింజలు ఏరి పక్కవాడి బూట్లో పోస్తున్నాడు. వాడి తప్పేం లేదు. లెక్క వేసుకుంటే గంటలో ఒక్కో పిల్లవాడికి బంతి తగిలింది ఏడెనిమిదిసార్లు. మర్నాడు ఏడుగురే వచ్చారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఈ కాలం పిల్లలకు శ్రద్ధ లేదని ఇంటికెళ్లి మా ఆవిడతో అన్నాను. ‘నువ్వయితే అంతసేపు నిలబడేవాడివా’ అని అడిగింది.

అందుకే వరుస మానేయండి. పన్నెండు మంది, గంట సమయం, ఇప్పుడు నేను చేసేది ఇది.

మొదటి పదిహేను నిమిషాలు ప్రతివాడి దగ్గరా ఒక బంతి ఉంటుంది. ఈ వయసుకు నాలుగో నంబర్ బంతి. ఎనిమిదేళ్లలోపు వాళ్లకు మూడు, పన్నెండు దాటినవాళ్లకే ఐదు. పెద్ద బంతి ఇస్తే పిల్లవాడు కాలి బొటనవేలితో పొడవడం నేర్చుకుంటాడు, ఆ అలవాటు పోగొట్టడానికి రెండేళ్లు పడుతుంది. చదరంగా కోన్‌లు పెట్టి దొంగ-పోలీసు ఆడించండి. ఇద్దరు పోలీసులు, మిగతావాళ్లు బంతి నడుపుకుంటూ తప్పించుకోవాలి. బంతి పోగొట్టుకున్నవాడు బయట నిలబడడు, పది సార్లు బంతిని అరికాలితో తట్టి మళ్లీ లోపలికి వస్తాడు. బయట నిలబెట్టామంటే, ఎక్కువ ఆడాల్సిన అవసరం ఎవడికుందో వాడే తక్కువ ఆడతాడు.

తర్వాత పదిహేను నిమిషాలు ఆ రోజు నేర్పే విషయం. రోజుకి ఒకటే. ఉదాహరణకి, బంతి వచ్చేలోపే భుజం మీదుగా వెనక్కి చూడటం. ముగ్గురు ముగ్గురుగా నిలబెట్టండి. రెండు చివరలా ఉన్నవాళ్ల దగ్గర చెరి రెండు రంగుల బిబ్‌లు (జెర్సీ మీద వేసుకునే బనియన్లు) ఉంటాయి. మధ్యవాడి వైపు మొదటివాడు బంతి పంపగానే మూడోవాడు ఒక బిబ్ పైకెత్తుతాడు. బంతి అందేలోపే మధ్యవాడు ఆ రంగు పేరు చెప్పాలి. చెప్పాలంటే వెనక్కి చూడక తప్పదు. మీరు ‘చూడు, చూడు’ అని అరవనక్కర్లేదు. పిల్లలు నవ్వుకుంటూ నేర్చుకుంటారు.

చివరి పాతిక నిమిషాలు మ్యాచ్. ఆరుగురు ఆరుగురు కాదు, నలుగురు నలుగురు. దాదాపు 25 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు చాలు. చిన్న గోల్‌లు, గోల్‌కీపర్ లేడు, ఆఫ్‌సైడ్ లేదు. మిగిలిన నలుగురు పక్కన ఇద్దరిద్దరుగా ఆడతారు. ఆరేడు నిమిషాలకోసారి మారుస్తాం. మధ్యలో ఆపి చెప్పడం మూడుసార్లకు మించకూడదు. ఆపినా ‘ఇలా చెయ్యి’ అనకండి, ‘ఇప్పుడు ఎవరు ఖాళీగా ఉన్నారు?’ అని అడగండి. వాళ్లే చూపిస్తారు. ఒక్కోసారి మీరు చూడనివాడిని కూడా చూపిస్తారు.

నెలకోసారి బలహీన కాలితో మ్యాచ్ పెట్టండి. కుడికాలివాడు ఎడమకాలితో కొట్టిందే గోల్. రహీం సాబ్ హైదరాబాద్‌లో ఇలాంటి పోటీలు పెట్టేవారని పాతవాళ్లు చెప్తారు. మా పిల్లలు మొదటి రోజు కింద పడి పడి నవ్వారు. నాలుగో నెలలో ఒకమ్మాయి ఎడమకాలితో పైమూలకి కొట్టింది. ఆ రోజు నేను కూడా చప్పట్లు కొట్టడం మానలేదు.

భాష గురించి భయపడకండి. మా బ్యాచ్‌లో తెలుగు, కన్నడ, తమిళం, ఉర్దూ, హిందీ అన్నీ ఉన్నాయి. ‘మ్యాన్ ఆన్’ (నీ మీదకొస్తున్నాడు), ‘టైమ్ ఉంది’, ‘హిందె నోడో’ (వెనక్కి చూడరా), ‘ఇటు ఇటు’ అన్నీ ఒకే దాడిలో వినిపిస్తాయి. ఆస్టిన్ టౌన్ పిల్లలు నన్ను అన్నా అంటారు, అపార్ట్‌మెంట్ పిల్లలు కోచ్ అంటారు, వాళ్ల నాన్నలు సర్ అంటారు. మూడింటికీ పలుకుతాను.

పిల్లల భద్రత

దీన్ని చివరికి నెట్టేయకండి. ఫస్ట్ ఎయిడ్ నేర్చుకుని పెట్టె వెంట ఉంచుకోండి. తలకి దెబ్బ తగిలితే ‘ఏం కాలేదు కోచ్’ అన్నా ఆ రోజుకు ఆట లేదు, తల్లిదండ్రులకు ఫోన్ చేయాలి, డాక్టర్‌కి చూపించమనాలి. ఏప్రిల్, మే సాయంత్రాల్లో ఉరుము వినిపించగానే గ్రౌండ్ ఖాళీ చేయించండి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాల దాకా మళ్లీ దిగకండి. ఏ పిల్లవాడితోనూ ఒంటరిగా ఉండకండి. మెసేజ్‌లు పిల్లలకు కాదు, తల్లిదండ్రుల గ్రూప్‌లోనే. పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం ఏం చెప్తుందో ఒకసారి చదవండి. అమ్మాయిలు ఉంటే సహాయానికి ఒక మహిళ ఉండేలా చూడండి.

వయసు దొంగ లెక్క ఎవరు అడిగినా ఒప్పుకోకండి. అండర్-13 లీగ్‌లో పదిహేనేళ్లవాడిని దించితే ఆ కప్పు వస్తుంది, రెండేళ్లకు ఎముకల పరీక్షలో దొరికితే ఆ పిల్లవాడి ఆట పోతుంది.

డబ్బు

ఒక అకాడమీ నాకు మూడు నెలల జీతం ఇవ్వలేదు. పేరు చెప్పను. కాగితం మీద ఏమీ లేదు, అంతా ‘మనలో మనకెందుకు’ అన్న మాట మీదే నడిచింది. కాబట్టి మొదటి రోజే రాయించుకోండి: వారానికి ఎన్ని సెషన్లు, ఏ తేదీకి జీతం, వాన పడితే లెక్కేంటి, టర్ఫ్ అద్దె ఎవరిది. టర్ఫ్ గంట లెక్కన ఇస్తారు, ఆ అద్దె మీ జేబులోంచి పోతే మీకు మిగిలేది విజిలే. అపార్ట్‌మెంట్ వాళ్లయినా సరే, ఫీజు నెల మొదట్లోనే తీసుకోండి. అడగడానికి నేను చాలాకాలం మొహమాటపడ్డాను. ‘మనం తెలుగువాళ్లమే కదా’ అని ఫీజు తగ్గించమన్న వాళ్లు కూడా ఉన్నారు, వాళ్లకి ఒక నెల తగ్గించి, తర్వాత ఏడాదంతా తగ్గించాల్సి వచ్చింది.

మొదటి రెండు మూడేళ్లు పగటి ఉద్యోగం వదలకండి. పిల్లల బ్యాచ్‌లు ఎలాగూ పొద్దున ఆరింటికీ, సాయంత్రం అయిదు తర్వాతే.

పెద్దవాళ్ల బెంచ్ మీదకి

పిల్లలతో రెండేళ్లు గడిచాక మీ పాత క్లబ్‌కే వెళ్లి, సి డివిజన్‌లోనో బి డివిజన్‌లోనో అసిస్టెంట్‌గా ఉంటానని అడగండి. జీతం అడగకండి, ప్రయాణం ఖర్చు అడగండి. ఈ లీగ్‌ను చిన్నచూపు చూడకండి. 2023 మార్చిలో రియాద్‌లో మేఘాలయ మీద 3–2తో గెలిచి, 54 ఏళ్ల తర్వాత కర్ణాటకకు రాష్ట్రాల జట్ల జాతీయ కప్పు సంతోష్ ట్రోఫీ తెచ్చిన కుర్రాళ్లలో చాలామంది ఇక్కడి క్లబ్‌ల నుంచి వచ్చినవాళ్లే.

ఇక్కడ అన్నిటికంటే కష్టమైన పని, నిన్నటి స్నేహితుడిని బెంచ్ మీద కూర్చోబెట్టడం. నేను మొదట ఆ మాట వాట్సాప్‌లో చెప్పాను. చాలా తప్పు చేశాను, ఆరు నెలలు మాట్లాడలేదతను. ఇప్పుడైతే మ్యాచ్ ముందురోజు ప్రాక్టీసు అయ్యాక పక్కకు పిలిచి చెప్తాను: ఎందుకు ఆడించడం లేదో, ఏం చేస్తే మళ్లీ ఆడిస్తానో. ఒక్క కారణమే, అది కూడా అతను మార్చుకోగలిగినదే. ‘నీకు ఫామ్ లేదు’ అనేది కారణం కాదు. ‘బంతి పోయాక వెనక్కి రావడానికి ఆలస్యం చేస్తున్నావు, గత రెండు మ్యాచ్‌ల్లో రెండు గోల్‌లు అక్కడి నుంచే వచ్చాయి’ అనేది కారణం. అందుకోసమే ఆ నోట్‌బుక్. ఫోన్‌తో స్టాండ్స్‌లో పైమెట్టు నుంచి మ్యాచ్ వీడియో తీయిస్తే ఇంకా మంచిది, వాదనే ఉండదు.

రిఫరీ మీద అరవకండి. మీ గొంతు పోతుంది, మీ కుర్రాళ్లు కూడా ఆట వదిలి ఆయన్నే చూస్తారు. నేను ఒకసారి అరిచి బయటికి వెళ్లాల్సి వచ్చింది. కంచె అవతల నిలబడి చూస్తే మా లెఫ్ట్ బ్యాక్ ఎంత లోపలికి వస్తున్నాడో స్పష్టంగా కనబడింది, చెప్పడానికి మాత్రం దారి లేదు.

మొదటి మ్యాచ్‌కి సంచి ముందురాత్రే సర్దుకోండి. విజిల్, రెండు రంగుల బిబ్‌లు, ఇరవై కోన్‌లు, టేపు, ఐస్ ప్యాక్, ఆటగాళ్ల కార్డులు, పెన్ను, బూట్ల తాళ్లు ఓ జత, గాలి పంపు. పంపు సూదులు రెండు పెట్టుకోండి. ఎదుటి జట్టు వాళ్లు ఒకటి అడిగి తీసుకెళ్తారు, అది తిరిగి రాదు.